మూడో మూట

అనగనగా ఒక ఊళ్ళో... ముందు ఆ బొంతని కాళ్ళతో తన్నడం ఆపు బుజ్జీ, అప్పుడు చెప్తాను. పాతదైతే ఏం, వెచ్చగా లేదూ? ఊఁ, కప్పుకో.

అనగనగా ఒక ఊళ్ళో ఒకావిడ ఉండేది. ఆవిడకి కొత్త సామానంటే ఎంత పిచ్చో చెప్పలేను. అందుకే ఊళ్ళో అందరూ ఆవిణ్ణి కొత్తమ్మ అనేవాళ్ళు. అసలు పేరు తర్వాత చెప్తాను, ఇప్పుడు అడక్కు.

ఆ ఊరికి నెలకోసారి నూకాలమ్మ వచ్చేది. నెత్తిన గంప, గంప నిండా తళతళలాడే స్టీలు సామాన్లు. పాత బట్టలు ఇస్తే గిన్నెలిచ్చేది.

ఒక నెల కొత్తమ్మ వాళ్ళాయన పాత పంచెలన్నీ మూట కట్టి ఇచ్చేసి గిన్నె తీసుకుంది. ఆయన స్నానం చేసి వచ్చి పంచె ఏదే అంటే గిన్నె చూపించింది. ఇంకేం చేస్తాడు పాపం, తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత నెల తన నేత చీరలన్నీ ఇచ్చేసి పెద్ద బేసిన్ తీసుకుంది. అది చూసి వీధిలో ఆడవాళ్ళందరూ పోటీలు పడి పెట్టెలు ఖాళీ చేసేశారు.

ఆ తర్వాత నెల కొత్తమ్మ స్టీలు బిందె మీద మనసు పడింది. ఇంట్లో మిగిలింది ఒక్కటే, కాలం చేసిన అత్తగారి నూలు చీరల మూట. ఉతికి ఉతికి అవి వెన్నలా అయిపోయాయి. "ఇవి పారెయ్యకే, ఇంట్లో బిడ్డ పుడితే ముందు వీటిలోనే చుట్టాలి" అని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. కొత్తమ్మకి ఆ మాట గుర్తు లేక కాదు. బిందె మెరుస్తుంటే అత్తగారి మాట చెవికెక్కలేదు.

అప్పుడు నూకాలమ్మ మూట విప్పి చీరని చేత్తో తడిమి చూసింది. "అమ్మగారూ, ఇయి ఉంచుకోండి. మీ అమ్మాయిగారు నీళ్ళోసుకున్నారంట గదా" అంది.

"పసిబిడ్డకి పాత బట్టలేమిటి? కొత్తవి కొంటాం. నువ్వు తీసుకుంటావా, ఇంకొకర్ని పిలవనా?" అంది కొత్తమ్మ.

నూకాలమ్మ మూట గంపలో పెట్టుకుని బిందె ఇచ్చేసింది. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండమ్మా, ఎండ మండిపోతంది" అంది. కొత్తమ్మ అప్పటికే బిందె చంకనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, నూకాలమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, గంప ఎత్తుకుని దాహంతోనే వెళ్ళిపోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి వచ్చింది. ఒక తెల్లవారుజామున ఆసుపత్రిలో కొత్తమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది. నెల ముందే పుట్టిందేమో, ఇంత గుప్పెడంత ఉంది. కొత్త తువ్వాల్లో చుడితే గరుకు. కొత్త గౌనులో పెడితే లేసు గుచ్చుకుంది. ఉన్ని శాలువా కప్పితే ఒళ్ళంతా ఎర్రగా కందిపోయింది. ఒకటే ఏడుపు, పాలు నోట్లో పెడితే తాగదు.

"పాలు తాగకపోతే ఒళ్ళు చల్లబడిపోతుందమ్మా. మెత్తటి పాత నూలు బట్ట ఏదైనా తెండి" అంది నర్సమ్మ.

అప్పుడు కొత్తమ్మ ఇంటికి పరుగెత్తింది. పెట్టె తెరిస్తే స్టీలు సామాన్లు. పక్కింట్లో అడిగితే స్టీలు సామాన్లు. వీధంతా తిరిగినా అంతే. అందరూ ఈవిణ్ణి చూసేగా ఇచ్చేసింది!

ఆ తర్వాత బిందె చంకన పెట్టుకుని కాలవ గట్టు మీద నూకాలమ్మ ఇంటికి వెళ్ళింది. నూకాలమ్మ అరుగు మీద కూర్చుని కుట్టుకుంటోంది. బాగున్న బట్టలకి మాసికలు వేసి సంతలో అమ్ముతుంది. చిరిగినవి బొంతలు కుడుతుంది. పీలికలు తుడుచుకోడానికి సైకిలు షాపుకి ఇస్తుంది. ఒక్క పోగు పారెయ్యదు తల్లి.

"నూకాలమ్మా, ఈ బిందె తీసుకుని మా అత్తగారి చీరలు..." అని, మిగతాది చెప్పలేక కొత్తమ్మ ఏడ్చేసింది.

నూకాలమ్మ లోపలికి వెళ్ళి మూట తెచ్చింది. "ఇయి అమ్మలేదమ్మా. పట్టుకోగానే తెలిసింది, పసిబిడ్డ కోసం దాచిన చీరలని. ఎప్పటికైనా వత్తారని ఉతికి ఎండలో ఏసి ఉంచాను" అంది.

"మరి బిందె?"

"బిందె నాకెందుకమ్మా? మీ ఇంటికాడే ఉంచండి. నేనొచ్చినప్పుడు అందులోంచి గ్లాసుడు నీళ్ళు పొయ్యండి, చాలు."

అప్పుడు మూట పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది, అందులోని నీలం చీర చింపి బిడ్డని చుట్టారు. కాసేపటికి ఏడుపు ఆగింది. ఇంకాసేపటికి గుటక గుటకా పాలు తాగింది. కొత్తమ్మ అక్కడే గోడకి చేరగిలబడి, అత్తగారికో దణ్ణం, నూకాలమ్మకో దణ్ణం పెట్టుకుంది.

ఆ తర్వాత మిగిలిన చీరలతో వాళ్ళిద్దరూ కూర్చుని బొంత కుట్టారు. నూకాలమ్మ కుట్లు సన్నగా, తిన్నగా ఉంటాయి. కొత్తమ్మవి అన్నీ వంకరే. ఏదీ, నీ బొంత అంచు తడిమి చూడు. ఆ వంకర కుట్లు ఎవరివనుకున్నావు? నావే. మధ్యలో ఆ నీలం ముక్కలో చుట్టింది నిన్నే, నా బంగారూ.

రేపు నూకాలమ్మ వస్తుంది. ఈసారి బిందెలోంచి నీళ్ళు నువ్వు ముంచి ఇవ్వాలి, సరేనా? ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, చీరేమో బొంతకి,
బిందేమో నీళ్ళకి, బుజ్జేమో నిద్రకి.