గానుగెద్దు పిలిచిన పిలుపు

ఎప్పటి మాటో ఇది. వైడూర్యపురమనే ఊళ్ళో పేరయ, సూరయ, రేచడు అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ముగ్గురూ రాజుగారి సైనికులే. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి మీదికి రాజు దండు పంపాడు. పేరయ వెళ్ళాడు, తిరిగి రాలేదు. సూరయ వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోసారి రేచడు వెళ్ళాడు. ఓడ దిగాడో లేదో, మాంత్రికుడి భటులు వల వేసి పట్టేశారు.

కాలికి సంకెల వేసి, చేతికి కొరడా ఇచ్చి గానుగ దగ్గర నిలబెట్టారు. ఎద్దు ఆగితే వాడు కొట్టాలి, కొట్టకపోతే వాణ్ణి కొడతారు. పొద్దువాలాక గిన్నెడు పాయసం పెట్టారు. రేచడు ఆకలితో గిన్నె నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తినకురా తమ్ముడూ" అంది ఎద్దు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది పేరయ గొంతు.

"అది తిన్నవాళ్ళమే ఇలా ఎద్దులమయ్యాం. నా తవుడు తిని ప్రాణం నిలుపుకో."

పొద్దుటినుంచి తాను వాతలు తేల్చింది అన్న వీపు మీదా? రేచడు కొరడా కింద పడేసి, "చిన్నన్న ఏడన్నా?" అన్నాడు.

"నువ్వు రాకముందే కాడి కింద పోయాడు."

రేచడు ఆ వాతల వీపు నిమిరాడు.

తవుడు తిని బతికాడు. పాయసం మట్టిలో పూడ్చాడు. ఎన్నాళ్ళయినా వాడు మనిషిగానే ఉండటం చూసి మాంత్రికుడు వింతపడ్డాడు. "వీడి మీద ఎవరి మంత్రమూ పారదు. నా చిలకకు ఇలాంటివాడే కాపలా ఉండాలి" అని వాణ్ణి మేడ మీదికి మార్చాడు. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఆ సంగతి పేరయ చెప్పగా రేచడు ముందే విన్నాడు. పంజరం ఊచల మధ్య చెయ్యి దూర్చి దాని మెడ పట్టుకున్నాడు.

"నన్ను చంపితే ఎద్దులన్నీ చస్తాయి. తలుపు తియ్యి నాయనా, నేను ఏడు సముద్రాలూ దాటితే వాడొక్కడే పోతాడు. నేనూ పట్టుబడి వచ్చినదాన్నే" అంది చిలక.

రేచడు మెడ వదిలేశాడు. తలుపు తీశాడు. చిలక ఎగిరిపోయింది. అది ఒక సముద్రం దాటేసరికి మాంత్రికుడి మాట పడిపోయింది. ఇంకొకటి దాటేసరికి చూపు పోయింది. ఏడోది దాటేసరికి ప్రాణమే పోయింది. ఎద్దులన్నీ మనుషులై లేచి నిలబడ్డాయి.

వాళ్ళు వైడూర్యపురం చేరాక రాజు తన కూతురు తరళను రేచడికిస్తానన్నాడు. కోటంతా తానే తిప్పి చూపించాడు. నేలమాళిగలో మనుషులు కాళ్ళకు గొలుసులతో తిరగలి తిప్పుతున్నారు.

"వీళ్ళెవరు మహారాజా?"

"మాంత్రికుడి మనుషులు. మనకు వెనకటి యుద్ధంలో దొరికారు" అన్నాడు రాజు మామూలుగా.

రేచడు తన కాలి మీది సంకెల మచ్చ చూసుకున్నాడు. "వీళ్ళను ఇళ్ళకు పంపండి. అప్పటిదాకా నాకు పెళ్ళి వద్దు."

రాజు ముందుకు నడవబోయాడు. వెంట వచ్చిన తరళ మాత్రం కావలివాడి మొలనుంచి తాళంచెవులు తీసుకుని లోపలికి నడిచింది.

విడుదలైన వాళ్ళంతా ఓడెక్కాక రేచడికీ తరళకూ పెళ్ళయింది. పేరయ దగ్గరుండి అక్షింతలు వేశాడు. ఆ దంపతులు తల నెరిసేదాకా రాజ్యమేలారు. ఆ నేలమాళిగలో ఖైదీలకు బదులు వడ్లు పోయించారు.