బోర్లమ్మ వెలసిన వైనం

ఎర్రకనుమ దారిలో బండి దిగి మెట్లెక్కిన భక్తులకు కొండ చీలికలోని బండపై శ్రీ బోర్లమ్మవారి దర్శనమవుతుంది. అమ్మవారు కాళ్లు చాపి కూర్చొని ఉంటారు. ఆ కాళ్లపై పసిబిడ్డ బోర్లా పడుకొని ఉంటాడు. ఇది ఉలి తాకని స్వయంభూమూర్తి.

పూర్వం ఇక్కడ కనుమ కింద గొర్రెల కాపరుల పల్లె ఉండేది. ఆ పల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలికి రెండో కాన్పులో మగబిడ్డ పుట్టాడు. నెల తిరిగేసరికి, పొద్దు వాలిందంటే చాలు, బిడ్డ పిడికిళ్లు బిగించి, కాళ్లు కడుపులోకి ముడుచుకొని గుక్కపట్టి ఏడ్చేవాడు. తల్లి వాము నమిలి పాలిచ్చినా, బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు వేసినా, వస అరగదీసి నాకించినా ఆ ఏడుపు ఆగలేదు. బాలగ్రహం పట్టిందని ఊరంతా అన్నది. అందుకు ఆనాటివారు ఎరిగిన చివరి మందు, కాల్చిన ఇనుపకడ్డీతో పొట్టపై వాతలు పెట్టడం. ఓబుళమ్మ తొలిచూలు బిడ్డ ఆ వాతల పుండుతోనే కన్నుమూశాడు.

ఒకనాటి సాయంత్రం అత్త గురవమ్మ పొయ్యిలో కడ్డీ పెట్టడం ఓబుళమ్మ కంటబడింది. వెంటనే బిడ్డను కొంగులో చుట్టుకొని కొండెక్కింది. దాక్కుందామంటే బిడ్డ ఏడుపే జాడ చెబుతున్నది. "ఓబుళా, ఆగవే!" అన్న అత్త కేక దగ్గరవుతున్నది. బిడ్డ నోరు మూయబోయి, తన చేతికి తానే భయపడి వెనక్కి తీసుకున్నది.

సత్తువ ఉడిగి, ఎండకు కాగిన బండపై కూలబడింది. కళ్లు మూతలు పడ్డాయి. పసుపు పూసుకున్న ముదుసలి ఒకతె ఎదుట నిలిచి, "గ్రహం కాదమ్మా. పాలతో మింగిన గాలి కడుపులో చిక్కుకున్నది. కాళ్లు చాపి వాణ్ణి బోర్లా వేసుకో, వీపు నిమురు" అని పలికింది. కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. ఓబుళమ్మ అలాగే చేసింది.

కాసేపటికి ఏడుపు తెగినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఏడుపుకన్నా భయంకరంగా తోచింది. తొలిబిడ్డా ఇలాగే ఊరుకున్నాడు. తిప్పి చూసే ధైర్యం లేక ఆమె బిగుసుకుపోయింది. అంతలో కడ్డీ పట్టుకొని గురవమ్మ రానే వచ్చింది.

"నువ్వు చూడత్తా. నేను చూడలేను" అన్నది ఓబుళమ్మ.

గురవమ్మ వంగి బిడ్డ వీపుకు చెవి ఆనించింది. చాలాసేపు తల ఎత్తలేదు. "నిద్రబోతా ఉన్నాడే" అన్నది చివరకు. చేతిలోని కడ్డీని తానే లోయలోకి విసిరేసింది. ఈ వింత విని మరునాడు మొక్కుకోవడానికి వచ్చినవారికి ఆ బండపై అమ్మవారి రూపం కనిపించింది.

నేటికీ ఈ సన్నిధికి కోడలి బిడ్డను అత్తగారే ఎత్తుకొని మెట్లెక్కుతారు. తల్లులకు వాము నీరు తీర్థంగా ఇస్తారు. జ్వరమో వాంతులో ఉన్న బిడ్డను ముందు వైద్యునికి చూపించి రమ్మని అర్చకులు తిప్పి పంపుతారు, అది అమ్మవారి ఆజ్ఞగానే చెబుతారు. సంధ్యాహారతి వేళ ఆవరణలో ఏ పసిబిడ్డ ఏడుస్తున్నా గంట మోగదు. ఆ బిడ్డ కుదుటపడేవరకు అమ్మవారు హారతి అందుకోరు.