జాంబయ్య తిప్పిన పొగగొట్టం

అనగనగా ఒక అడవి. ఇప్పుడది అడవి కాదర్రా, పెరిగి పెరిగి పట్నమైపోయింది. నక్కలు ఆఫీసులకు వెళ్లేవి. జింకపిల్లలు బడికి వెళ్లేవి. కోతులు ఎక్కడికి వెళ్లేవో వాటికే తెలియదు. అందరినీ మోసుకుపోయేది ఏడో నంబరు డీజిల్ బస్సు. దాన్ని నడిపేవాడు జాంబయ్య అనే ఎలుగుబంటి.

జాంబయ్యకు లోకమంటే రెండే. ఒకటి ఆ బస్సు, రెండోది తల్లిలేని కూతురు తేనెమ్మ. రాత్రి బస్సు అతని గుహ ముందే ఆగేది. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి వదిలేసి, బ్రేకులకు గాలి ఎక్కేలోగా తండ్రీకూతుళ్లు కూర్చుని చద్దన్నం తినేవారు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు, ఏడాదంతా ఒక్క ట్రిప్పు కూడా తప్పని బండికే మొదటి దండ వేస్తారు. దాని ముందే మొదటి గుమ్మడికాయ కొడతారు. తొమ్మిదేళ్లుగా ఆ దండ జాంబయ్య బస్సుకే. దండ బస్సుకు పడితే తన మెడలోనే పడినంత మురిసిపోయేవాడు.

పదో ఏడు వచ్చింది. దసరా ఇంకా రెండు నెలలుందనగా బస్సు నల్లగా పొగ కక్కడం మొదలుపెట్టింది. మెకానిక్ ముళ్లపంది బండి కిందికి దూరి చూసి, మూతి నిండా మసితో బయటికొచ్చాడు.

"ఒరే జాంబా, డీజిల్ పంపు పాడైందిరా. విప్పి బాగుచేయాలి. మూడు రోజులు బండి ఆపు."

"మూడు రోజులా! దండ పోదూ మావా? దసరా వెళ్లాక చూద్దాంలే."

"నువ్వు ఆగుతావు గానీ పొగ ఆగుతుందట్రా?" అన్నాడు ముళ్లపంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

వారం తిరక్కుండా కుందేలు సన్నమ్మ వచ్చింది. ఆమె బొరియ వాగు దగ్గర బస్‌స్టాపులో, రోడ్డుకు ఎడమపక్కనే ఉంది.

"అన్నా, నీ బండి గొట్టం సరిగ్గా మా బొరియలోకే ఊదుతోంది. మా పిల్లాడు ఒకటే దగ్గు. బండి ఆపి బాగుచేయించవూ, నీకు పుణ్యముంటుంది" అంది.

జాంబయ్య చెడ్డవాడు కాదర్రా. అయ్యో పాపం అనుకున్నాడు. కానీ దండ కళ్లముందు మెదిలింది. ముళ్లపంది చేత ఒక వంపు గొట్టం బిగింపజేసి, పొగ పైకి పోయేలా తిప్పించాడు.

"ఇక నీకు ఏ బాధా ఉండదు చెల్లెమ్మా" అన్నాడు. మంచిపని చేశానన్న తృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తర్వాత గోరువంకలు వచ్చాయి. అవి వచ్చినట్టు కాదు, గుంపుగా మీద పడ్డాయి.

"ఏమయ్యా జాంబయ్యా, పొమ్మనలేక పొగపెడుతున్నావా? గూళ్లనిండా మసే! పిల్లలు నోరు తెరిస్తే పురుగు కంటే ముందు నీ పొగే పోతోంది!"

జాంబయ్య మళ్లీ గొట్టం తిప్పించాడు. ఈసారి కుడివైపు. కుడివైపంటే నడిరోడ్డు. నడిరోడ్డు మీద ఎవరు కాపురముంటారు?

బోల్టు బిగిస్తూ ముళ్లపంది గొణిగాడు. "తిప్పితే పొగ పోదురా. ఎవరో ఒకరి ముక్కులోకి పోతుంది, అంతే."

"ఎవరూ లేనివైపే కదా మావా తిప్పింది!"

నిజమే, ఇంకెవరూ ఫిర్యాదుకు రాలేదు. పొగ కూడా గాలికి చెదిరి పలచబడింది. కనబడకపోతే లేనట్టే అనుకున్నాడు మన తెలివైన జాంబయ్య. దారి పొడవునా కుడివైపు ఎవరున్నారో చూసుకున్నాడు గానీ, బయలుదేరే చోట ఎవరున్నారో చూసుకోలేదు. గుహ ముందు బండి నిలబడితే ఆ గొట్టం మూతి సరిగ్గా గుహ మూతిలోకే ఉండేది. తండ్రి ముద్ద మింగి రోడ్డు మీదికి పోయేవాడు. గుహ చీకట్లో కనబడని పొగ మాత్రం లోపలే ఉండిపోయేది, తేనెమ్మతో పాటు.

మొదట పిల్లకు చిన్న దగ్గు. జలుబేలే అని మిరియాల కషాయం పోశాడు. తర్వాత ఆయాసం. బడిలో పరిగెత్తి ఉంటుందిలే అనుకున్నాడు. తర్వాత పిల్ల పడుకోవడం మానేసి, కూర్చునే కునుకు తీయడం మొదలుపెట్టింది.

"నాన్నా, ఇవాళ్టికి బండి ఆపి నా దగ్గరే ఉండవూ?" అని అడిగింది.

"ఇంకా నాలుగు రోజులేనమ్మా దసరా. తర్వాత నీ దగ్గరే ఉంటాగా" అన్నాడు.

దసరా వచ్చింది. బస్సుకు దండ పడింది. గుమ్మడికాయ పగిలింది. అందరూ చప్పట్లు కొడుతుండగా తేనెమ్మ కూలబడిపోయింది.

వైద్యుడు కొంగ వచ్చి పిల్ల గుండెకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"జాంబయ్యా, కంటికి కనిపించే మసి కడిగితే పోతుంది. పొగలో కంటికి ఆనని నుసి ఉంటుంది. అది ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి కూర్చుంటుంది. దాన్ని కడిగే మందు నా దగ్గర లేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జాంబయ్య అప్పుడు పరిగెత్తాడు. బండి ఆపాడు. పంపు విప్పించాడు. మూడు రోజులు అనుకున్నది రెండు రోజుల్లోనే బాగైంది. స్టార్టు చేస్తే గొట్టం దగ్గర పట్టుకున్న తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. ఆ గుడ్డ తీసుకుని గుహలోకి ఉరికాడు.

"చూడమ్మా, పొగ లేదు! ఇక పొగ లేదు!"

తేనెమ్మ చూసింది. మాట్లాడటానికి ఊపిరి చాలక తల ఊపింది. కార్తీకం రాకముందే పోయింది.

చావింట్లో పొయ్యి వెలగదు కదర్రా. కుందేలు సన్నమ్మ గిన్నెలో అన్నం కలుపుకొచ్చి, ముద్ద జాంబయ్య చేతిలో పెట్టింది. "ఒక్క ముద్ద తినన్నా" అంది.

జాంబయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. "మీ పిల్లాడికి దగ్గు తగ్గిందా చెల్లెమ్మా?" అని అడిగాడు.

సన్నమ్మ తల దించుకుంది. "లేదన్నా. నువ్వు గొట్టం పైకి తిప్పిన నాలుగో రోజునే పోయాడు."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"చెబుదామనే స్టాపులో నిలబడ్డాను. ఒక్క నిమిషం ఆగన్నా అన్నాను. ట్రిప్పు లేటవుతుందని వెళ్లిపోయావు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే జాంబయ్య ఓర్చుకునేవాడేమో.

"వాడి పేరేమిటమ్మా?" అన్నాడు.

"గరికయ్య."

జాంబయ్య ఆ ముద్ద తినలేదు, కింద పెట్టలేదు. పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నీతి: మన పొగను ఇంకొకరి వైపు తిప్పినంత మాత్రాన అది పోదు; ఎదుటివారి బిడ్డ దగ్గినప్పుడు ఆపని బండిని, మన బిడ్డ పోయాక ఆపినా ప్రయోజనం లేదు.