పందెం కాయని గింజ

అనగనగా అంటే నిన్నామొన్నా కాదర్రా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి వెళ్లి తిరిగి రాలేదు. వాణ్ణి వెతకబోయిన రెండోవాడూ రాలేదు. అన్నలను తీసుకొస్తానని మూడోవాడు సునందుడు బయల్దేరాడు.

ఏడో సముద్రం అవతల ఎప్పుడూ మునిమాపే. అక్కడి మేడలో కరాళుడనే మాంత్రికుడు పేకముక్కల ముందు కూర్చున్నాడు. నవ్వడం మరిచిపోయిన రత్నమాల అనే రాజకుమార్తె ముక్కలు కలుపుతోంది. ఒక అన్న దీపం పట్టుకున్నాడు, ఇంకో అన్న విసనకర్రతో విసురుతున్నాడు.

"అన్నయ్యా," అని పిలిచాడు సునందుడు.

"ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు పెద్దన్న మర్యాదగా.

కరాళుడు సునందుడి నుదుటిమీద చెయ్యిపెట్టి, గుప్పెడు చింతగింజలు తీసి ముందు పోశాడు. "నీ జ్ఞాపకాలే నాయనా. మూడు ముక్కలాట ఆడదాం. నన్ను గెలిస్తే మీ అన్నలు నీవాళ్లు. చిన్న పందెమే కదా."

మొదటి ఆటలో సునందుడి గుర్రం పేరు పోయింది. రెండో ఆటలో మామిడిపండు రుచి పోయింది. మూడో ఆటలో అమ్మ గొంతు పోయింది. కరాళుడు ఆ గింజను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఇంకో ఆట ఆడు కన్నా," అన్నాడు తర్వాత, మెత్తని ఆడగొంతుతో. ఆ గొంతు ఎవరిదో సునందుడికి గుర్తురాలేదు.

భయం వేసింది. అయినా చిన్నచిన్నవి ఓడుతూ వాడి చేతులనే కనిపెట్టి చూశాడు. మంచి ముక్కలు పడితే కరాళుడు ఒక్కో గింజే నెమ్మదిగా జరిపేవాడు. ఏమీ లేనప్పుడు గుప్పెడు గుమ్మరించి ఎదుటివాణ్ణి బెదరగొట్టేవాడు. ఎంత గుమ్మరించినా ఒక నల్లగింజను మాత్రం చిటికెనవేలితో వెనక్కి తోసేవాడు.

"వాడి ప్రాణం నాలో ఉంది, నా మెడ నులిమెయ్యి, త్వరగా," అంది కరాళుడి వెనక వేలాడే పంజరంలోంచి ఒక చిలక.

నిండుకుండ తొణకదు కదా, గింజలు గుమ్మరించినట్టే ఇదీ వాడి ఉత్త బుకాయింపే అనుకున్నాడు సునందుడు. వాడు పందెం కాయనిది ఆ నల్లగింజ ఒక్కటే. ప్రాణం ఇంకెక్కడ ఉంటుంది?

చివరికి సునందుడికి మూడు రాజులు పడ్డాయి. అవతల కరాళుడు ఒక్కో గింజే జరుపుతున్నాడు. సునందుడు వాడిలాగే తన గింజలన్నీ ఒక్కసారిగా గుమ్మరించాడు. "నా ప్రాణం కూడా కాస్తున్నాను. ప్రాణానికి ప్రాణమే సరి పందెం."

కరాళుడు నవ్వాడు. తన బుద్ధే లోకానికంతా ఉంటుందనుకునే రకం వాడు. "నీ చేతిలో ఏమీ లేదు నాయనా," అంటూ నల్లగింజను ముందుకు జరిపి, మూడు రాణులను పరిచాడు.

సునందుడు మూడు రాజులను పరిచి, నల్లగింజను పటుక్కున కొరికాడు. కరాళుడు అరవలేదు. వాడి బట్టలు మాత్రం ఖాళీగా పీటమీద కూలబడ్డాయి. మిగతా గింజలన్నీ పగిలి, పేర్లూ పాటలూ గొంతులూ తమ మనుషులను వెతుక్కుంటూ గదంతా తిరిగాయి. రత్నమాల నవ్వుతూ ఏడ్చింది.

పెద్దన్న దీపం కింద పెట్టాడు. "తమ్ముడూ, ఏమైనా తిన్నావురా?" ఆ ఒక్క మాటకే సునందుడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అందరూ ఓడెక్కి ఇంటికి చేరాక, అన్నలే దగ్గరుండి అతనికి రత్నమాలతో పెళ్లిచేసి, పట్టం కట్టారు. అతను చాలాకాలం చల్లగా ఏలాడు. కానీ ఎప్పుడో చనిపోయినవాళ్ల జోలపాటలు కొన్ని, వెళ్లడానికి చోటులేక, ఆ ఓడ వెంటే వచ్చేశాయి. అప్పట్నుంచి ఆ ఊళ్లో తల్లిలేని పిల్లలు ఏడిస్తే ఎవరో జోకొట్టేవారు. మనిషి మాత్రం కనిపించేది కాదు.