పాయసం గ్లాసు, సన్న గొట్టం

గురువుగారి సాయం లేకుండా మొదటిసారి ఒక రోగికి గొట్టం వేసే అవకాశం వచ్చేసరికి డాక్టర్ హిమబిందు కాళ్లు నేలమీద ఆనలేదు. ఆమె డాక్టర్ పరాంకుశంగారి దగ్గర స్కానింగ్ చూస్తూ ఒంట్లో చేరిన చీము గొట్టంతో బయటికి తీసే విద్య నేర్చుకుంటోంది.

రోగి ఆనందరావు లారీ డ్రైవరు. క్లోమం వాచి నెల దాటింది. దాని పక్కన సంచిలా చీము చేరి జ్వరం వదలడం లేదు. అది బయటికి రాకపోతే మనిషి దక్కడు.

బిందు సీటీ స్కాన్ చూసింది. సంచి అంతా ఒకటే బూడిదరంగు. సన్న గొట్టం చాలని తేల్చేసి, ట్రే సర్దించి గురువుగారి దగ్గరికి వచ్చింది.

"లోపల ఏముందమ్మా?"

"అంతా ద్రవమే సార్. సాయంత్రానికి ఖాళీ అయిపోతుంది."

"అల్ట్రాసౌండ్ పెట్టి చూశావా?"

"సీటీ ఉండగా అదెందుకు సార్?"

పెద్ద యంత్రం అలవాటయ్యాక చిన్న యంత్రమంటే ఆ వయసులో ఎవరికైనా చులకనే.

ఆ విభాగంలో ఎవరింట శుభవార్త ఉన్నా అందరికీ పాయసం రావాల్సిందే. ఆరోజు నర్సు మార్తమ్మ వంతు. పరాంకుశంగారు ఆమె తెచ్చిన సగ్గుబియ్యం పాయసం స్టీలు గ్లాసులో పోసి, జ్యూసు ప్యాకెట్ గొట్టం ఒకటి వేసి బిందు చేతికిచ్చారు.

"ముందు ఇది ఖాళీ చెయ్యి. చెంచా ముట్టుకోకు."

మొదటి గుక్కకి పాలు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. బుగ్గలు లోపలికి పోయేలా పీల్చింది. గొట్టం తీసి చూస్తే మూతి దగ్గర సగ్గుబియ్యం గింజ బిగుసుకుని ఉంది.

"నా పాయసం అంత బాలేదా డాక్టరమ్మా?" అంది మార్తమ్మ.

బిందుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గ్లాసులోకి చూసింది. పైన తెల్లటి పాలు, నున్నగా ఉన్నాయి; అడుగున గింజలున్న జాడే లేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. గ్లాసు బల్లమీద పెట్టి గబగబా ఆనందరావు దగ్గరికి వెళ్లింది.

"మళ్లీ చూస్తున్నారేంటమ్మా?" అన్నాడతను, పొట్టమీద అల్ట్రాసౌండ్ పెడుతుంటే.

"ఇందాక సరిగ్గా చూడలేదు బాబాయ్."

తెరమీద ద్రవం నల్లగా కనబడుతోంది. అతను దగ్గినప్పుడల్లా అందులో కుళ్లిన కణజాలం ముక్కలు కదులుతున్నాయి.

బిందు ట్రేలోంచి సన్న గొట్టం తీసేసి, ఉన్నవాటిలో లావుపాటిది పెట్టించింది. "ముక్కలు అడ్డుపడకుండా గొట్టాన్ని కడుగుతూ ఉండాలి సార్," అంది. వెనకే వచ్చిన పరాంకుశంగారు తలూపి, పక్కకి తప్పుకుని ఆమెనే వెయ్యనిచ్చారు. చిక్కటి చీము, దానితోపాటు ముక్కలు దిగడం మొదలైంది.

ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి గ్లాసు బల్లమీదే ఉంది. గురువుగారు అందులోంచి గొట్టం తీసేసి చెంచా వేశారు.

"ఇప్పుడు తిను," అన్నారు.