ఏటి అవతలి గింజల రాశి

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక రాజ్యం. అవతల, నడి వేసవిలో కూడా విడని మంచు.

ఆ రాజ్యంలో చెంగమ్మ అనే దాది ఉండేది. రాజుగారిని పాలిచ్చి పెంచిన తల్లి ఆమె. ఒంట్లో ఓపిక తగ్గాక రాజు ఆమెకు వర్షాశనం ఏర్పాటు చేశాడు. అంటే, ఆమె ఊపిరి ఉన్నన్నాళ్ళూ ఏటేటా రాజుగారి గాదె నుంచి తిండికి సరిపడా వడ్లు కొలిచి పంపుతారు. వాన కురిసినా ఎండ కాసినా ఆ వడ్లు ఆగవు.

చెంగమ్మ నేస్తం మాచమ్మ. కోటలో వంటలు వండి వండి ముసలిదైన మనిషి. ఆమెకూ వర్షాశనమే ఆధారం.

ఒక ఏడు ఊళ్ళో ఒక కబురు పుట్టింది. ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. ఏటి అవతల గుప్తుడనే షావుకారు ఉన్నాడట. వర్షాశనం హక్కు అతనికి ధారపోస్తే, బతుకంతా తినాల్సిన గింజలు ఒక్కసారే రాశి పోసి ఇస్తాడట. ఆ రాశి కూర్చున్న చోటే పెరుగుతుందట!

"రాజులు మారతారు వదినా," అంది మాచమ్మ. "రేపు వచ్చే రాజు మన మొహం చూస్తాడా? రాశి మన చేతిలో ఉంటే మన ఇష్టం."

చెంగమ్మ గుండెలో రాయి పడింది. నిజమే కదా అనిపించింది.

అయితే రాజుగారి కట్టడి ఒకటి ఉంది. వర్షాశనం వదులుకోదలచినవాళ్ళు ముందుగా విషయం తెలిసినవారి దగ్గర సలహా తీసుకుని తీరాలి.

ఇద్దరూ రేవుకు వెళ్ళారు. అక్కడ పడవ పక్కన, సలహాలు చెప్పే నవ్వు మొహం మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

"సలహాకు ఏమిచ్చుకోవాలి నాయనా?" అంది చెంగమ్మ.

"ఏమీ వద్దు తల్లీ! పుణ్యానికి చెబుతాను. దాటండి."

అంతే. వాళ్ళ పేరు అడగలేదు, వయసు అడగలేదు. చెంగమ్మ తల వంచి నీళ్ళలోకి చూసింది. పడవ నీడ ఉంది. మాచమ్మ నీడ ఉంది. ఆ మనిషి నీడ లేదు.

"పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను," అని చెంగమ్మ వెనక్కి జరిగింది.

"పిరికిదానివి వదినా!" అని నవ్వుతూ మాచమ్మ పడవెక్కింది. పడవ మంచులోకి పోయింది. ఆమె నవ్వు సగంలో తెగిపోయింది, దారం కత్తిరించినట్టు.

ఏడాది తిరిగింది. మాచమ్మ నుంచి కబురు లేదు. సుఖంగా ఉంది కాబట్టే మరిచిపోయిందేమో అనుకుంది చెంగమ్మ. ఆశ మళ్ళీ తల ఎత్తింది.

ఈసారి సంతలో, తాటాకు పందిరి కింద కూర్చున్న మరో సలహాదారు దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడేమీ ఇవ్వక్కరలేదమ్మా," అన్నాడతను. "నువ్వు దాటాక రాశిలో నాకో వాటా పంపు, చాలు."

"దాటకపోతే?"

అతను ఆమె వైపు తిరిగాడు. రెప్ప వెయ్యకుండా చూశాడు. ఈగ వచ్చి కంటి మీద వాలినా రెప్ప వెయ్యలేదు. "అందరూ దాటతారమ్మా," అన్నాడు చివరికి.

చెంగమ్మ కొంగు బిగించుకుని గబగబా ఇల్లు చేరింది.

మరో ఏడాది గడిచింది. అప్పుడు ఎవరో చెప్పగా కొండ కింద ఉండి సలహాలు చెప్పే సోమిదేవి దగ్గరికి వెళ్ళింది. సోమిదేవి మొహాన నవ్వు లేదు.

"నా కూలి ఒక ఏడాది గింజల్లో నాలుగో వంతు. ముందే ఇవ్వాలి. దాటమన్నా అంతే, వద్దన్నా అంతే."

"అమ్మో! మీ మాటకు మూడు నెలల తిండా? రేవు దగ్గర ఊరికే చెబుతున్నారు కదమ్మా!"

"ఊరికే చెప్పేవాడి కడుపు ఎవరు నింపుతున్నారో అడిగావా?"

చెంగమ్మకు కోపం వచ్చింది. ఇంటికి పోయింది. నాలుగు రోజులు గొణుక్కుంది. ఐదో రోజు గాడిద మీద బస్తాలు వేసుకుని తిరిగి వచ్చింది.

అప్పుడు సోమిదేవి అడగడం మొదలుపెట్టింది. నీ తల్లి ఎన్నేళ్ళు బతికింది? నీకు ఏం జబ్బులున్నాయి? నీ మీద ఆధారపడ్డవాళ్ళు ఎవరు? నీ భయం ఏమిటి? అన్నీ విన్నాక, "పద, చూసి వద్దాం," అని తనే పడవ నడిపింది.

అవతల మిట్ట మధ్యాహ్నం. అయినా సూర్యుడు లేడు. కుక్క మొరగలేదు, కోడి కూయలేదు. ఏ ఇంటి కప్పు మీదా పొగ లేదు. ఒకటే చప్పుడు, చెర చెర చెర. ప్రతి వాకిట్లో ఒకరు కూర్చుని చాటతో చెరుగుతున్నారు. చాటల్లో గింజ లేదు. పొట్టు కూడా లేదు.

ఒక వాకిట్లో మాచమ్మ ఉంది.

"కూచో వదినా," అంది తల ఎత్తకుండా. "ఇదిగో, చెరగడం అవగానే వండుతా."

"రాశి ఏదే మాచీ?"

"గోదాముకి కొంత, కాపలాకి కొంత, రేవు మనిషికి కొంత. మిగిలింది ముక్కిపోయింది. గింజలు అయిపోయాయి వదినా. నేనే ఇంకా అయిపోలేదు."

"మరి ఇంటికి రాకపోయావా?"

"ఏ మొహం పెట్టుకుని రాను?"

అంతలో వీధి చివర ఒక తెర కదిలింది. తెర సందులోంచి తెల్లటి చెయ్యి బయటికి వచ్చి రమ్మని పిలిచింది. తెర వెనకనుంచి పసిబిడ్డ గొంతు. "అమ్మా, ఆకలి..." తాను పెంచిన రాజుగారి చిన్ననాటి గొంతే!

చెంగమ్మ రొమ్ము పులకరించింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు దగ్గర ఆగింది.

"నా బిడ్డ ఆకలేస్తే కోట ఎగిరిపోయేలా ఏడ్చేవాడు," అంది. "ఇలా మెత్తగా ఎన్నడూ పిలవలేదు. నువ్వు వాడివి కాదు."

చెయ్యి తెర వెనక్కి పోయింది.

"ఇక నా సలహా విను," అంది సోమిదేవి. "రోగంతో రేపో మాపో అన్నట్టున్నవాళ్ళకు, రాశి వాళ్ళకంటే ముందు అయిపోదు కాబట్టి, దాటమని నేనే చెప్పాను. నీ తల్లి తొంభై ఏళ్ళు బతికింది. నీకు ఆయువుంది. రాజు మారినా వడ్లు ఆగకూడదన్న శాసనం గాదె మీద రాతిలో ఉంది. గుప్తుడి మాట గాలిలో ఉంది. నీ వర్షాశనాన్ని కదపకు."

చెంగమ్మ వెనక్కి తిరిగి మాచమ్మ పక్కన కూర్చుంది. మాచమ్మ వేళ్ళు చాటకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలే ఊడదీసి, ఆ చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించింది.

ఆ ఏడు గింజలు తక్కువ, నోళ్ళు రెండు. ఇద్దరూ గంజి తాగి గడిపారు. అప్పుడప్పుడూ కూర్చున్న చోటే మాచమ్మ చేతులు గాలిని చెరిగేవి. చెంగమ్మ ఆ చేతుల్ని తన ఒళ్ళో పెట్టుకుని అవి ఆగేదాకా పట్టుకునేది. పంట కాలం రాగానే రాజుగారి గాదె నుంచి వడ్లు వచ్చాయి. మరుసటి ఏడూ వచ్చాయి. ఆపై ఏడూ వచ్చాయి.

పిల్లలూ, ఊరికే వచ్చే సలహాకు వెల మన బతుకే. ఎటు చెప్పినా ఒకే కూలి పుచ్చుకునేవారి మాటే నమ్మదగిన మాట.