మల్కవ్వ మూడు పిలుపులు

అనగా అనగా, పొద్దును జనం నీడతో కొలుచుకునే కాలంలో, వాగొడ్డున ఒక ఊరు. ఊరి నడుమ ఒక బురుజు. దాని తలుపు తాటిచెట్టంత ఎత్తున ఉండేది. దోపిడీ దండు వస్తే పైనుంచి డప్పు మోగేది, తాళ్ల నిచ్చెన దిగేది. ఎక్కినవాళ్లు బతికేవాళ్లు.

ఆ బురుజుకు రాయి మోసింది వాగవతలి గుడిసెలవాళ్లు. సున్నం నూరింది వాళ్లు. నిచ్చెన పేనిందీ వాళ్లే. ఎక్కింది మాత్రం దొర, దొర బలగం.

మొదటిసారి దండు వచ్చింది. గుడిసెలవాళ్లు వాగు దాటేలోపే నిచ్చెన పైకి పోయింది. రెండోసారి వచ్చింది. వాగు దాటేలోపే నిచ్చెన పైకి పోయింది. ఆ రోజు గుడిసెల మల్కవ్వ పెనిమిటి, తాను పేర్చిన గోడకే వీపు ఆనించి చచ్చిపోయాడు. చెమట ఒకరిది, నీడ ఇంకొకరిది!

మూడోసారి వచ్చేనాటికి మల్కవ్వ ముసలిదైంది. బురుజు అడుగున బీటలకు సున్నం పూస్తోంది. డప్పు మోగింది. దూరాన ధూళి లేచింది, కలలో మబ్బులా, బంగారు రంగులో, చప్పుడే లేకుండా. దొర బలగం గబగబా ఎక్కేసింది. మల్కవ్వ నిచ్చెన కొసను సున్నం నూరే పెద్ద రాతికి ముడేసింది.

"ముసలీ, ముడి ఇప్పు!" పైనుంచి దొర అరిచాడు.

"ఇప్పుతా దొరా, మావోళ్లు ఎక్కినంక."

"అందరం చస్తమే!"

"రెండుమాట్లు మేమే చస్తిమి గదా. ఈసారి జర మీరు గూడ భయపడుండ్రి."

"తాడు కొయ్యండిరా!"

"కోస్తే దిగేదెట్ల దొరా?" అన్నాడు కావలివాడు. "పేనెటోళ్లంత కిందనే ఉన్నరు."

వాగు దాటి గుడిసెలవాళ్లు వచ్చారు. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఈరమ్మ చంకలో కోడితో వచ్చింది.

"కోడెందుకే?"

"మా ఇంట్ల ఇదొక్కటే దొరసాని, అవ్వా!"

మల్కవ్వ నవ్వి, వాగువైపు తిరిగి పిలిచింది. "ఇంకెవరన్న ఉన్నరా?" ఒక కుంటివాడు వచ్చాడు. మళ్లీ పిలిచింది. పసిబిడ్డతో ఒక బాలింత వచ్చింది. మూడోసారి పిలిచింది. ధూళి తప్ప ఎవరూ రాలేదు.

అప్పుడు ముడి విప్పింది. విప్పీ విప్పకముందే దొర మనుషులు నిచ్చెన గుంజేశారు. గుడిసెలవాళ్లు అడ్డం పడేలోపే అది పైకి పోయింది. మల్కవ్వ చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ధూళి మెల్లగా వచ్చి, పాల మీద మీగడ కట్టినట్టు, ఆమెను కప్పేసింది.

దండు పోయింది. ధూళి అణిగింది. మల్కవ్వ లేదు, ఆమె శవమూ లేదు. గుర్రాలు తొక్కిన నేల మీద సున్నపు పాదాల జాడ, దాని మీద ఒక్క గిట్ట గుర్తయినా పడలేదు. అది వాగు దాటింది. ప్రతి గుడిసె గడప దగ్గరా ఆగింది. ఎవరన్నా మిగిలారేమోనని చూసుకుంటూ పోయింది. ఆ తర్వాత గడ్డిలో కలిసిపోయింది.

ఆ రాత్రి గుడిసెలవాళ్లు ఒక్కటై నిచ్చెనను తమ చేతికి తీసుకున్నారు. మళ్లీ దొర చేతికి పోలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్లో పెళ్లయినా చావయినా, అన్నం గంగాళం మీద మూత పెట్టేముందు ఎవరో ఒకరు వాగు దాకా పోతారు. "ఇంకెవరన్న ఉన్నరా?" అని మూడుసార్లు పిలుస్తారు. ఒక్కోసారి అవతలి గట్టునుంచి ఎవరో బాటసారి, "నేనున్నా" అంటాడు.

అతను వచ్చి, కూర్చుని, తిని లేచేదాకా ఊరంతా ఆగుతుంది.